నమోదు కాని నలభై సెకన్లు

చట్టసభలో అధ్యక్షుడి ఎత్తు కుర్చీ కింద ఒక బల్ల ఉంటుంది. చిన్నది. ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే మోచేతులు తగులుతాయి. సభలో ఎవరు ఏం మాట్లాడినా ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుంటారు. వాళ్ళని రిపోర్టర్లు అంటారు. పత్రికలవాళ్ళు వేరు. పత్రికలవాళ్ళు పై గ్యాలరీలో కూర్చుని నచ్చింది రాసుకుంటారు. కింద బల్ల దగ్గరవాళ్ళు నచ్చనిదీ రాయాలి.

ఒక్కొక్కరి వంతు ఐదు నిమిషాలు. వంతు ముగియబోతుండగా పక్క తలుపులోంచి తర్వాతి మనిషి వచ్చి ఖాళీ కుర్చీలో కూర్చుంటాడు. అర నిమిషం ఇద్దరూ కలిసి రాస్తారు. అప్పుడు మొదటి మనిషి పెన్సిలు నోటుబుక్కులో పెట్టి, కుర్చీ చప్పుడు కాకుండా లేచి, మెట్లెక్కి టైపు గదికి వెళ్తాడు. ఐదు నిమిషాల మాటలు టైపు కావడానికి అరగంట పడుతుంది. అది అయ్యేసరికి మళ్ళీ వంతు వస్తుంది. అందుకే ఆ విభాగంలో ఏ చర్చనైనా మొదటినుంచి చివరిదాకా విన్న మనిషి లేడు. దేశంలో జరిగినవన్నీ వాళ్ళకి ఐదు నిమిషాల ముక్కలుగా తెలుసు.

ఆ బల్ల దగ్గర కూర్చున్న మొదటి ఆడమనిషి గురించి చెబుతున్నాను. ఆమె చేరిన రోజున ఏమని పిలవాలో ఎవరికీ తోచలేదు. విభాగం పెద్ద కాసేపు ఆలోచించి, "అమ్మాయిగారూ, మీ కుర్చీ అది" అన్నాడు. అదే ఖాయమైంది.

ఆ పెద్దని అందరూ కామాల మాస్టారు అనేవాళ్ళు. రిపోర్టర్లు టైపు చేసిన కాగితాలన్నీ ఆయన దగ్గరికి చేరేవి. ఆయన ముక్కకి ముక్క కలిపి, ఎర్ర పెన్సిలుతో కామాలు పెట్టేవాడు. "వీళ్ళు మాట్లాడేటప్పుడు ఊపిరి తీసుకోరు. వీళ్ళ బదులు నేను తీసుకుంటున్నాను" అనేవాడు.

అమ్మాయిగారు షార్ట్‌హ్యాండ్ నేర్చుకున్నది సైకిళ్ళ షాపు మేడ మీద, ఒకే కిటికీ ఉన్న గదిలో. నేర్పిన మాస్టారికి అన్నీ కలిపి ఒకటే సూత్రం. "మాట చెవిలోంచి చేతిలోకి పోవాలి. మధ్యలో ఎక్కడా దిగకూడదు." తిట్టు చదివినా, చావుకబురు చదివినా, చీమల గురించి పాఠం చదివినా శిష్యుల మొహాలు ఒక్కలాగే ఉండాలి. ఎవరి మొహమైనా మారితే ఆయన చదవడం ఆపేవాడు. "నువ్వు వింటున్నావు. విననివాళ్ళే రాయగలరు."

ఆమె బాగా నేర్చుకుంది. నిమిషానికి నూట నలభై మాటలు. పరీక్షలో ఆమెకి మొదటి స్థానం వచ్చినప్పుడు మాస్టారు అభినందించలేదు. "నువ్వు అక్కడ తప్పు చేశావనుకో, అది నీ తప్పు అవదు. ఆడవాళ్ళ తప్పు అవుతుంది. నా దగ్గర ఇంకా నలుగురు ఆడపిల్లలున్నారు. గుర్తుపెట్టుకో" అన్నాడు. ఆ నలుగురూ గోడ పక్క బెంచీ మీద కూర్చుని ఆమెవైపే చూస్తున్నారు.

ఉద్యోగం రెండేళ్ళు ప్రొబేషన్. ఆ రెండేళ్ళూ తప్పు లేకుండా గడిస్తేనే ఖాయం చేస్తారు. అమ్మాయిగారూ వాళ్ళ అమ్మా అక్క ఇంట్లో ఉండేవాళ్ళు. బావ దర్జీ. ముందు గదిలో కుట్టుమిషను, వెనక రెండు గదులు. ఆమె సాయంత్రం ఇంటికి రాగానే బావ మిషను ఆపకుండానే అడిగేవాడు.

"ఏం మరదలా, ఇవాళ సభలో ఏమైంది?"

"తెలీదు బావా."

"అక్కడే కూర్చున్నావుగా."

"కూర్చున్నా. రాశా."

"నేనూ రోజంతా కత్తిరిస్తూనే ఉంటాను. ఎవడి చొక్కా అని అడిగితే చెప్పగలను."

"అడిగినవాళ్ళకల్లా చెప్పబట్టే ఆ చొక్కా ఇంకా కాలేదు" అనేది అక్క లోపలినుంచి. "దాన్ని కాస్త కూర్చోనివ్వండి. దేశం సంగతి తర్వాత. ముందు ఆ కాలరు తిప్పండి."

ఇరవై మూడు నెలలు ఇలాగే గడిచాయి. ఆమె కాగితాల్లో కామాల మాస్టారు కామాలు తప్ప ఏమీ పెట్టలేదు.

ఆ నెలలో ప్రభుత్వం ఒక బిల్లు తెచ్చింది. శాంతికి భంగం కలిగిస్తాడని అనుమానం ఉన్న ఎవరినైనా, విచారణ లేకుండా, ఒక మంత్రి సంతకంతో ఏడాదిపాటు నిర్బంధించవచ్చు. అలాంటి చట్టం ఇరవై ఏళ్ళ కిందట ఉండేది. గడువు తీరి పోయింది. మళ్ళీ కావాలన్నారు.

చర్చ మూడో రోజున, సభలో అందరూ పెద్దాయన అనే సభ్యుడు లేచాడు. ఆయన పదకొండేళ్ళు ప్రభుత్వాన్ని నడిపినవాడు. తనంతట తనే దిగిపోయి, ఇప్పుడు మూడో వరుసలో స్తంభం పక్క కూర్చుంటున్నాడు. వయసు డెబ్బై ఎనిమిది. బిల్లు తెచ్చింది ఆయన పార్టీయే. పాత చట్టం తెచ్చింది ఆయనే. కాబట్టి ఏం చెబుతాడో అందరికీ తెలుసు. కొందరు టీ తాగడానికి బయటికి కూడా వెళ్ళారు.

అమ్మాయిగారు తన వంతుకి వచ్చి కూర్చుంది. అంతకుముందు రాస్తున్నది ఎడమచేతి వాటం మనిషి. ఆయన్ని ఆమె అన్నయ్యా అని పిలిచేది. అర నిమిషం ఇద్దరి మోచేతులూ తగులుతూ రాశారు. అన్నయ్య లేచి వెళ్ళాడు. పెద్దాయన అంటున్నాడు:

"స్వేచ్ఛ గురించి ఈ సభలో మాట్లాడని రోజు లేదు. నేనూ మాట్లాడాను. ప్రభుత్వంలో లేనప్పుడు బాగా మాట్లాడాను. ప్రభుత్వంలో ఉన్నప్పుడు ఇంకా బాగా మాట్లాడాను."

కొందరు నవ్వారు. ఆమె గీతలు గీస్తోంది. సన్నం, లావు, చుక్క, సన్నం.

"అధికారం చెడ్డవాళ్ళ చేతిలో పడుతుందేమోనని మనం భయపడతాం. నా అనుభవంలో చెడ్డవాళ్ళు తక్కువ. తొందరలో ఉన్నవాళ్ళు ఎక్కువ. బల్ల మీద కాగితాలు ఎత్తుగా పేరుకుని ఉంటాయి. కింద కారు సిద్ధంగా ఉంటుంది. పౌరుడి స్వేచ్ఛ ఆ కాగితాలకీ ఆ కారుకీ మధ్య ఉంటుంది. అక్కడ దాన్ని కాపాడేది ఏమిటి? చట్టమా? చట్టం ఆ కాగితాల్లోనే ఒక కాగితం."

ఇవన్నీ నోటుబుక్కులో ఉన్నాయి. తర్వాత ఆయన ముందున్న బెంచీ మీదినుంచి చేయి తీశాడు. అంతవరకూ సభతో మాట్లాడిన మనిషి, పక్కనున్న ఎవరితోనో చెబుతున్నట్టు, ఎత్తుపల్లాలు లేని గొంతుతో ఒక సంగతి చెప్పాడు.

ఆ మాటలు ఇక్కడ ఇవ్వడానికి లేవు. సంగతి మాత్రం ఇది. ఇరవై ఏళ్ళ కిందట ఆయన ఒక నిర్బంధపు ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. చదవకుండా పెట్టాడు. ప్రెస్సులో అక్షరాలు పేర్చే ఒక కంపోజిటరు దానివల్ల పదకొండు నెలలు జైల్లో ఉన్నాడు. అతను చేసిన నేరం, ఎవరో రాసిన కరపత్రాన్ని పేర్చడం.

ఆమె పెన్సిలు ఆగింది.

ఆగిందని ఆమెకి తెలియలేదు. పెద్దాయన మళ్ళీ బెంచీ మీద చేయి వేసి, పాత గొంతుతో, "కాబట్టి అధ్యక్షా" అన్నప్పుడు తెలిసింది. చివరి గీత కొసన ఒక నల్లచుక్క ఉంది. పెన్సిలు మొన అక్కడే నొక్కుకుని ఉంది. గడియారం చూసింది. నలభై సెకన్లు. చేయి మళ్ళీ కదిలింది. మిగతా వంతంతా తప్పు లేకుండా రాసింది.

టైపు గదిలో ఆ చోటికి వచ్చేసరికి నాలుగు వరసలు ఖాళీ వదిలింది. కామాల మాస్టారు కాగితం అందుకున్నాడు.

"ఇదేమిటి, ఖాళీ?"

"అక్కడ రాయలేదండి."

"వినపడలేదా?"

"వినపడిందండి. అందుకే రాయలేదు."

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. "ప్రొబేషన్ ఇంకా ఎన్నాళ్ళుంది?"

"ఇరవై ఆరు రోజులండి."

"ఇలాంటి పని ఎవరైనా మొదటి వారంలో చేస్తారు, అమ్మాయిగారూ. ఇరవై మూడు నెలలు ఆగి చేస్తారా?"

ఆయన ఖాళీకి పై వాక్యమూ కింది వాక్యమూ చదివాడు. ఇంకోసారి చదివాడు. పై వాక్యం, చట్టం ఆ కాగితాల్లోనే ఒక కాగితం. కింది వాక్యం, కాబట్టి అధ్యక్షా, ఈ బిల్లును నేను సమర్థించలేను.

"చూడు. అతుకుతుంది. మధ్యలో ఏదో పోయిందని ఎవరికీ అనిపించదు" అన్నాడు నెమ్మదిగా. ఎర్ర పెన్సిలు తీశాడు. తీసి, రెండూ కలిపే గుర్తు పెట్టకుండా పట్టుకుని కూర్చున్నాడు. ఆ విభాగంలో ముప్పై ఏళ్ళుగా ఆయన ముక్కలు కలుపుతున్నాడు. పోయిన ముక్కమీదుగా ఎప్పుడూ కలపలేదు.

"ఎలాగూ రేపు పొద్దున ఈ కాగితాలు పెద్దాయన దగ్గరికి దిద్దుబాటుకి వెళ్ళాలి. అంతవరకు ఆలోచించుకో. కాగితం ఇంటికి తీసుకెళ్ళకూడదు. బుర్రలో తీసుకెళ్ళు" అన్నాడు చివరికి.

ఆ సాయంత్రం బావ ఎప్పటిలాగే అడిగాడు. "ఏం మరదలా, ఇవాళ సభలో ఏమైంది?"

ఆమె గుమ్మంలోనే నిలబడి చెప్పింది. పెద్దాయన లేచినప్పటినుంచి నల్లచుక్క దాకా. బావ మిషను ఆపాడు. అక్క తడి చేతులతో వచ్చి నిలబడింది. రెండేళ్ళలో ఆ ప్రశ్నకి ఆ ఇంట్లో వచ్చిన మొదటి జవాబు అది.

"కలిపేస్తే తెలీదా ఎవరికీ?" అంది అక్క.

"తెలీదు."

"అయితే కలిపెయ్యవే. ఒక్క అర నిమిషం కోసం ఉద్యోగం పోగొట్టుకుంటావా?"

బావ చేతిలో ఎవరిదో ప్యాంటు ఉంది. మోకాలి దగ్గర చిరిగితే లోపలినుంచి గుడ్డ వేసి అల్లుతున్నాడు. "తెలియకుండా అతకడమే మా పనిలో గొప్ప" అన్నాడు. "కానీ ఇచ్చేటప్పుడు మాత్రం వేలుపెట్టి చూపిస్తాను. ఇదిగో, ఇక్కడ వేశాను, ఇక్కడ కాస్త జాగ్రత్త అని. చెప్పకపోతే బాగానే ఉందనుకుని అక్కడే మోకాలు ఒంచుతాడు. ఫర్రుమంటుంది. నలుగురిలో."

"మీ ప్యాంట్లూ చట్టసభా ఒకటేనా?" అంది అక్క.

"ప్యాంటు లేకుండా ఎవడూ సభకి రాడుగా" అన్నాడు బావ. అమ్మ నవ్వింది. అమ్మాయిగారు నవ్వలేదు గానీ, చెప్పులు విప్పి లోపలికి వచ్చింది.

మర్నాడు పొద్దున కామాల మాస్టారు కాగితాలు ఆమె చేతికే ఇచ్చాడు. ఖాళీ ఖాళీగానే ఉంది. "నేను పంపానని చెప్పకు" అన్నాడు. ఆమె తలుపు దాకా వెళ్ళాక, "కాదులే. చెప్పు" అన్నాడు.

పెద్దాయన ఇంటి ముందు గదిలో ఇరవై కుర్చీలున్నాయి. అన్నీ ఖాళీ. ఆయన వెనక వరండాలో, చిన్న స్టూలు మీద కూర్చుని, తన బూట్లకి తనే పాలిష్ చేసుకుంటున్నాడు. ఒక బూటు మెరుస్తోంది. వంటింటి కిటికీలోంచి ఆయన భార్య కనిపిస్తోంది.

ఆయన బ్రష్షు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, కాగితాలు చదివాడు. ఖాళీ దగ్గర ఆగాడు.

"ఇక్కడ?"

"ఇక్కడ నేను రాయలేదండి."

"ఎందుకని?"

"విన్నానండి."

కిటికీలోంచి భార్య అంది, "నలభై ఏళ్ళుగా మాట్లాడుతున్నారు. ఇన్నాళ్ళకి ఒకరు విన్నారట. సంతోషించండి."

"నువ్వు వినలేదా?" అన్నాడాయన అటు తిరగకుండా.

"నాకు ఇంట్లో సరిపోతోంది."

ఆయన ఆమెకి స్టూలు చూపించి, తను వరండా మెట్టు మీద కూర్చున్నాడు. "నిన్న సాయంత్రం మావాళ్ళు వచ్చారు" అన్నాడు. "ఆ కంపోజిటరు మాట వెనక్కి తీసుకోమన్నారు. పార్టీకి చెడ్డపేరట. నేను తీసుకోనన్నాను. గొంతు చించుకుని వెళ్ళారు. ఇవాళ నువ్వొచ్చి అసలా మాటే లేదంటున్నావు. వాళ్ళకి తెలిస్తే నిన్ను భుజాలమీద ఊరేగిస్తారు." కాసేపు తనలో తను నవ్వుకున్నాడు. "నువ్వు విన్నది చెప్పు."

ఆమె చెప్పింది. మాట చెవిలోంచి లోపలికి దిగింది కాబట్టి, గీతలుగా కాక సంగతిగా ఉండిపోయింది. చెప్పడం అయ్యేసరికి వంటింట్లో చప్పుడు లేదు.

"నేను ఇంత బాగా చెప్పానా?" అన్నాడాయన.

"నాకు మాటలు గుర్తులేవండి. సంగతే గుర్తుంది."

"నాకూ మాటలు గుర్తులేవు. రాసుకుని మాట్లాడింది కాదు."

ఆమెకి కొంచెం ధైర్యం వచ్చింది. "అయితే ఇప్పుడు నేను చెప్పింది అక్కడ టైపు చేసెయ్యనా అండి? మీరు సరేనంటే అది మీ మాటే అవుతుంది."

ఆయన చాలాసేపు రెండో బూటుకేసి చూశాడు. దానికింకా పాలిష్ పట్టలేదు.

"వద్దు. అది బాగుంది. అందుకే వద్దు" అన్నాడు. "ఆ రోజు నా ముందు పెట్టిన ఉత్తర్వు కూడా చాలా బాగుంది. అంచులు సమానంగా, ఎక్కడా కొట్టివేత లేకుండా. అలా ఉన్నది తప్పెలా అవుతుందనుకున్నాను. ప్రభుత్వం అంటే ఏమిటనుకుంటున్నావు? జెండాలూ సైన్యమూ కాదు. కాగితం మీద ఉన్నదీ జరిగిందీ ఒకటే అని జనం పెట్టుకున్న నమ్మకం. ఆ నమ్మకం ఉన్నంతకాలం ఎదురు తిరగాలన్నా వాళ్ళకి ఒక చోటుంటుంది. ఫలానా రోజున నువ్విలా అన్నావు అని చూపించగలరు. అది పోతే ఇంక మిగిలేది ఎవడి గొంతు పెద్దదైతే వాడిది. మీ బల్ల చిన్నదే. ప్రభుత్వాన్ని కిందినుంచి మోసే బల్ల అది."

ఆమె తల వంచుకుని వింటోంది. ఇప్పుడు చేతిలో పెన్సిలు లేదు.

"ఎంత పోయింది?"

"నలభై సెకన్లండి."

"అయితే అదే వెయ్యి. ఇక్కడ సుమారు నలభై సెకన్ల ప్రసంగం నమోదు కాలేదు."

"కారణం వెయ్యాలాండి?"

"అది నీ ఇష్టం" అన్నాడాయన. "నమోదు కాలేదని వెయ్యమని అడిగే హక్కు నాకుంది, ప్రసంగం నాది. ఎందుకు కాలేదో చెప్పమని నేను ఆజ్ఞాపించలేను. నీకు ప్రొబేషన్ అయిపోయిందా?"

"లేదండి. ఇంకా ఇరవై అయిదు రోజులుంది."

"ఊఁ." ఆయన లేచి, స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. "స్వేచ్ఛ అని ఇన్నేళ్ళు ఉపన్యాసాలిచ్చాను. దగ్గరినుంచి చూస్తే ఇంతే ఉంటుంది. ఎవరూ బలవంతపెట్టని చోట ఏం చేస్తామనేది. కారణం వెయ్యకపోతే నిన్నెవరూ తప్పుపట్టరు. నేనూ పట్టను. ఇది నిజంగానే అంటున్నాను."

తిరిగి వచ్చేటప్పుడు ఆమె రెండు బస్సులు వదిలేసి నడిచింది. టైపు గదిలో కొత్త కాగితం ఎక్కించి, ఖాళీ ఉన్న చోట ఇలా కొట్టింది. "ఇక్కడ సుమారు నలభై సెకన్ల ప్రసంగం, రిపోర్టరు పొరపాటు వల్ల, నమోదు కాలేదు." కామాల మాస్టారు చదివాడు. రిపోర్టరు ముందూ పొరపాటు వల్ల తర్వాతా కామాలు సరిగ్గా ఉన్నాయని గమనించాడు. ఏమీ దిద్దకుండా ప్రెస్సుకి పంపాడు.

ఆ మధ్యాహ్నం పెద్దాయన సభలో వివరణకి అనుమతి అడిగాడు. నిన్న తాను చెప్పిన ఒక సంగతి రికార్డులోకి ఎక్కలేదని, మళ్ళీ చెబుతానని అన్నాడు. ఆయన పక్షంలోనే కొందరు బల్లలు చరిచారు, కూర్చోమన్నారు. ఆయన వాళ్ళు అలిసేదాకా నిలబడ్డాడు. కామాల మాస్టారు వంతుల పట్టీ మార్చి అమ్మాయిగారిని బల్లకి పంపాడు.

ఈసారి ఆయన నెమ్మదిగా మాట్లాడాడు. నిమిషానికి ఎనభై మాటలు కూడా ఉండవు. నేను చదవకుండా సంతకం పెట్టాను అన్నాడు. ఒక కంపోజిటరు పదకొండు నెలలు జైల్లో ఉన్నాడు అన్నాడు. "అతని పేరు నాకు గుర్తులేదు. గుర్తులేకపోవడం కూడా నేను చేసినదాన్లో భాగమే" అన్నాడు. నిన్నటి తీరు లేదు. మాటలు బిగుసుకుని ఉన్నాయి, మధ్యలో ఒకచోట దగ్గు వచ్చింది. ఆమె ప్రతి మాటా రాసింది. నిన్నటి మాటలు బాగున్నాయి. ఇవాళ్టివి కాగితం మీద ఉన్నాయి.

బిల్లు నెగ్గింది. ఓట్లు ముందే లెక్కపెట్టుకుని తెచ్చిన బిల్లు అది. ఒక్క మార్పు మాత్రం జరిగింది. సంతకం పెట్టిన మంత్రి వారంలోగా నిర్బంధించిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని కారణం తన నోటితో చెప్పాలి. పెద్దాయన అడిగింది బిల్లే వద్దని. దొరికింది ఇది. దాన్ని కూడా ఆయన లేచి నిలబడి, సభకి ధన్యవాదాలు చెప్పి తీసుకున్నాడు.

రెండు వారాల తర్వాత ఒక ముసలాయన విభాగానికి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కొసలు నల్లగా అరిగి ఉన్నాయి. ఆ పేజీల నకలు కావాలన్నాడు. సభ రికార్డు నకలు ఎవరడిగినా ఇస్తారు. అమ్మాయిగారు తెచ్చి ఇచ్చింది. ఆయన అక్కడే నిలబడి చదివాడు. చదవడం కూడా అక్షరానికి అక్షరం, తప్పులు వెతుకుతున్నట్టు చదివాడు.

"ఈ రిపోర్టరెవరమ్మా?"

"నేనేనండి."

"మీ పేరు వెయ్యలేదే."

"మా పేర్లు వెయ్యరండి."

"నా పేరూ లేదు ఇందులో" అన్నాడు. అప్పుడు ఆమెకి అర్థమైంది. కుర్చీ ముందుకి లాగింది. ఆయన కూర్చోలేదు.

"అర్జీ పెట్టుకుంటే మీ పేరు చేర్పించవచ్చండి. ఆయనకి గుర్తులేదన్నారు."

"చదివాను. గుర్తులేదని ఒప్పుకున్నాడు చూడండి, మిగతాది నేను అక్కడే నమ్మాను. పేరు గుర్తుందని ఏదో ఒకటి చెప్పి ఉంటే నమ్మకపోదును." నకలు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "కంపోజిటరు అని ఉంది. చాలు. మీకు రిపోర్టరు అని ఉంది. ఇద్దరికీ పని చేసిన గుర్తు ఉంది." వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "పొరపాటని అచ్చులో ఒప్పుకోవడం నా సర్వీసులో చూడలేదమ్మా. మేం ఒప్పుకున్నా ఓనర్లు వెయ్యనిచ్చేవాళ్ళు కాదు" అన్నాడు.

ప్రొబేషన్ చివరి రోజున ముగ్గురు సభ్యుల కమిటీ ఆమెని పిలిచింది. పొడుగాటి బల్ల, అవతల ముగ్గురు, ఇవతల ఒక కుర్చీ. మూలన ఎడమచేతి అన్నయ్య కమిటీ మాటలు రాసుకుంటున్నాడు. ఆమెకేసి చూడలేదు. చూస్తే రాయలేడు.

"మీ చేయి ఎందుకు ఆగింది?" అన్నాడు మధ్యనున్నాయన.

"విన్నానండి."

"వినడం మీ పని కాదు."

"కాదండి."

"ఈ వాక్యంలో రిపోర్టరు పొరపాటు అని మీకు మీరే వేసుకున్నారు. పెద్దాయన వెయ్యమన్నారా?"

"లేదండి. వెయ్యకపోయినా పర్లేదన్నారు."

"మీ విభాగం పెద్ద వెయ్యమన్నారా?"

"లేదండి."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరనున్నాయన, ఇంతసేపూ మాట్లాడనివాడు, ముందుకి వంగాడు. "మళ్ళీ ఇలా జరగదని రాసిస్తారా?"

ఆ ప్రశ్నకి ఒక్క మాట చాలు. ఆ మాట కోసం ముగ్గురూ సిద్ధంగా ఉన్నారు, ఉత్తర్వు కాగితం కూడా బల్ల మీదే ఉంది. గోడ పక్క బెంచీ మీద కూర్చున్న నలుగురు ఆడపిల్లలు ఆమెకి గుర్తొచ్చారు. వాళ్ళకి తప్పే చెయ్యకుండా చూపించాలని అప్పటిదాకా ఆమె అనుకుంది.

"జరగదని రాసివ్వలేనండి" అంది. "జరిగితే చెబుతానని రాసిస్తాను."

మూలన అన్నయ్య పెన్సిలు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది.

నిర్ణయం పది రోజులకి వచ్చింది. ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు పొడిగించారు. దాని కింద, ఆమె రాసిచ్చిన వాక్యాన్ని ఇకముందు కొత్తగా చేరే రిపోర్టర్లందరి దగ్గరా రాయించుకోవాలని ఉంది. పెద్దాయన ఆమె తరఫున ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ ఆరు నెలలూ తప్పేవి. ఆ ఒక్క మాట చెప్పనందుకు ఆమె ఆయనకి జన్మంతా రుణపడ్డానని చెప్పేది. అలా ఆ కుర్చీ ఎవరో ఇప్పించింది కాకుండా, తనదే అయింది.

బావ కాగితం చదివి, "ఆరు నెలలు పొడిగించారంటే ఆరు నెలలు ఉంచుకున్నట్టే కదే" అన్నాడు. అక్క పక్కింటికి చెప్పడానికి వెళ్ళింది. అమ్మ కాగితం తీసుకుని వెలుతురులో పెట్టి చూసింది. ఆమెకి చదువు రాదు. అయినా చాలాసేపు చూసింది.

ఆరు నెలలకి ఆమె ఖాయమైంది. మరుసటి ఏడాది బెంచీ మీది నలుగురిలో ఇద్దరు పరీక్ష నెగ్గి వచ్చారు. వాళ్ళకి ఆమె సైకిళ్ళ షాపు మేడ మీది మాస్టారి సూత్రమే నేర్పింది. మాట చెవిలోంచి చేతిలోకి పోవాలి. మధ్యలో ఎప్పుడైనా దిగితే ఏం చెయ్యాలో కూడా నేర్పింది. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ బల్ల దగ్గర పనిచేసింది. అన్నేళ్ళలో ఆమె చేయి ఇంకో రెండుసార్లు ఆగింది. అవి ఏ రోజుల్లో, ఎన్నేసి సెకన్లో ఎవరైనా చూసుకోవచ్చు. రెండూ అచ్చులో ఉన్నాయి.